టేపు నడుం దాకా వచ్చేలోపు

నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లకి నా మీద ఒకటే ఫిర్యాదు. కుట్టు బాగుంటుంది, చెప్పిన రోజుకి చేతికిస్తాను, గుండీలు ఊడిరావు. అవన్నీ ఒప్పుకుంటారు. కానీ కొలతలివ్వడానికి వస్తే సముద్రం గురించి వినాల్సి వస్తోందని మొహం ముడుచుకుంటారు.

ఫిర్యాదు నా మీద గానీ తప్పు నాది కాదు, మా ఆవిడది. మా ఇంటి ముందు గదే నా కొట్టు. ముందు గదికీ వెనక గదికీ మధ్య తలుపు లేదు, ఒక పరదా ఉంది. వచ్చినవాడు చొక్కా గుడ్డ బల్ల మీద పెట్టి, చేతులు కాస్త పైకెత్తి నిలబడి, నేను టేపు మెడ చుట్టూ వేశానో లేదో ఆ పరదా పక్కకి జరుగుతుంది. కాగితం ముక్క పట్టుకుని మా ఆవిడ బయటికొస్తుంది.

"అన్నయ్యగారూ, కదలకండి. ఒక్క మాట చదువుతాను. అర్థమైందో లేదో చెప్పండి చాలు."

మెడకి టేపు చుట్టి ఉన్న మనిషి ఎక్కడికి కదులుతాడు?

చొక్కా కొలతలకి నా వరస ఒకటుంది. మెడ, భుజం, చెయ్యి, ఛాతీ, నడుం. టేపు నడుం దాకా వచ్చేలోపు ఎదుటివాడికి విషయం బుర్రకెక్కాలి. అది మా ఆవిడ పెట్టుకున్న నియమం. ఎక్కిందా, కాగితం మడిచి దాచుకుంటుంది. ఎక్కలేదా, ఉండ చుట్టి నా పీలికల బుట్టలో పడేసి లోపలికి వెళ్లిపోతుంది. ఆ బుట్టలో గుడ్డ పీలికలకన్నా సముద్రమే ఎక్కువ ఉంటుంది.

ఒకసారి ఒక పెద్దమనిషి కోటు కొలతలకి వచ్చాడు. "చేప ప్లాస్టిక్ ముక్కని తిండి అనుకుని మింగుతుంది. ఆ చేపని మీరు తింటారు" అని చదివింది. ఆయన ఛాతీ బిగబట్టి నిలబడినవాడు నిలబడినట్టే, "నేను చేపలు తిననమ్మా" అన్నాడు. మా ఆవిడ తల గోక్కుంటూ లోపలికి వెళ్లింది. ఆయన ఊపిరి బిగబట్టాడని నేను గమనించలేదు. ఆ కోటు ఇప్పటికీ ఆయనకి వదులే.

ఇంతకీ తనకి ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. మా ఊరి సముద్ర పరిశోధన కేంద్రంలో మా ఆవిడ టైపిస్టు. పంతొమ్మిదేళ్లు శాస్త్రవేత్తల రిపోర్టులు టైపు చేసింది. నీటి వేడి, ఉప్పు శాతం, చనిపోయిన తాబేళ్లు, తగ్గిపోయిన చేపపిల్లలు, అన్నీ తన వేళ్ల మీదుగానే వెళ్లాయి. వెళ్లి ఎక్కడ పడ్డాయంటే, బీరువాలో. ఆ రిపోర్టులు ఎవరైనా చదువుతున్నారా అని తనకి అనుమానం వచ్చింది. ఒక రిపోర్టులో డెబ్భై రెండో పేజీ చివర, ఎవరూ చెప్పకుండానే ఒక వాక్యం చేర్చి టైపు చేసింది. "ఇక్కడిదాకా చదివినవాళ్లు టైపిస్టు దగ్గరికొచ్చి ఒక బిస్కెట్ తీసుకోగలరు."

రిపోర్టు మీద ఆరు సంతకాలు పడ్డాయి. బిస్కెట్ డబ్బా ఏడాదిపాటు టైపు మిషను పక్కనే ఉంది. ఒక్క మనిషి రాలేదు. చివరికి బిస్కెట్లు మెత్తబడిపోతే నేనే తిన్నాను.

మా ఆవిడ ఆ డెబ్భై రెండో పేజీ పట్టుకుని పెద్ద సారు గదిలోకి నేరుగా వెళ్లింది. పెద్ద సారంటే కేంద్రం డైరెక్టరు. ఆయన సంతకం కూడా అందులో ఉంది కాబట్టి కోప్పడలేక, అలాగని ఊరుకోలేక, "అంత తెలిసినదానివి, నువ్వే చెప్పమ్మా జనానికి" అన్నాడట. వెటకారంగానే అన్నాడు. తను మాత్రం దాన్ని ఉత్తర్వు కింద తీసుకుంది. క్యాంటీన్ వాళ్లు ఇవాళ ఏముందో రాసే నల్లబల్ల ఒకటి పాతదైపోయి మూలపడి ఉంటే దాన్ని కడిగి, కేంద్రం గేటు బయట, బస్సు ఆగే చోట నిలబెట్టింది. మర్నాడు పొద్దున సుద్దముక్కతో రాసింది.

"ఇవాళ నీళ్లలో జెల్లీ చేపలున్నాయి. కుట్టించుకోవాలనుకుంటే మా ఆయన కొట్టుకి వెళ్లండి, నీళ్లలోకి వద్దు."

ఆ రోజు సముద్రంలోకి ఎవరూ దిగలేదు. నా కొట్టుకి ముగ్గురు వచ్చారు. నేను నోరు మూసుకున్నాను.

అప్పట్నుంచి ఆరేళ్లు, టైపు పని పోయి ఇదే పని, రోజుకో మాట. ఊళ్లో తన పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ తను బోర్డు మేడమే. బస్సు డ్రైవర్లు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆపుతారు, అందరూ చదువుకునేదాకా. శాస్త్రవేత్తలు మొదట్లో ముక్కులు విరిచారు గానీ, తర్వాత ఒక్కొక్కరే చీటీలు పట్టుకుని తన బల్ల దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. వాళ్లకి కొరుకుడు పడే మాట జనానికి పడదు, జనానికి తెలిసిన మాట వాళ్లకి రాదు. మధ్యలో మా ఆవిడ, మా ఆవిడకీ జనానికీ మధ్యలో నా టేపు.

ఆ బిస్కెట్ సంగతి అక్కడితో అయిపోలేదు. మూడేళ్ల తర్వాత కేంద్రంలో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. సముద్రం అడుగున పెరిగే గడ్డి మీద చదివి డాక్టరేట్ తెచ్చుకుంది. నేను గడ్డి డాక్టరమ్మ అంటాను. మా పక్కింటావిడ ఆ డాక్టరమ్మ అన్నంతవరకే విని మోకాళ్లు చూపించుకోవడానికి వచ్చేసింది. ఈ అమ్మాయి చేరిన వారానికే మా ఆవిడ బల్ల ముందు నిలబడి, "నా బిస్కెట్ ఏదండీ?" అని అడిగింది. పాత రిపోర్టులన్నీ బీరువాలోంచి తీసి మొదటి పేజీ నుంచి చదువుతోందట. మా ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట చెప్తూ ఏడ్చింది. నాకేం చెయ్యాలో తోచక బిస్కెట్లు తేవడానికి బయటికెళ్లాను.

ఇక ఈ ఏడాది సంగతి. బీచ్ అంతా ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన వలలు, ఒంటి చెప్పులు. ఈసారి గట్టిగా చెప్పాలని మా ఆవిడ వారం రోజులు కుస్తీ పట్టింది. పీలికల బుట్ట రెండుసార్లు నిండింది. ఎనిమిదో రోజున పరదా జరిపి చదివింది.

"ఈ ఒడ్డు మీ ఇల్లే. ఇంట్లో చెత్త ఉంచుకుంటారా?"

నా టేపు ఇంకా మెడ మీదే ఉంది. ఆ మెడ బీచ్‌కీ కేంద్రం గేటుకీ మధ్య కాఫీ కొట్టు నడిపే ఆయనది. మెడ పదిహేడున్నర, ఛాతీ నలభై ఆరు, కోపం దానికన్నా పై సైజు. ఆయన గభాలున తల తిప్పబోయి, టేపు బిగుసుకుని దగ్గి, "భలే చెప్పావు చెల్లెమ్మా!" అన్నాడు. మెడ దగ్గరే నెగ్గిన వాక్యం ఆరేళ్లలో అదొక్కటే.

బోర్డు మీద రాసిన రెండో రోజుకి ఆ మాట కాఫీ కొట్టు గోడ మీద రంగుతో వెలిసింది. నాలుగో రోజుకి ఒక దండు తయారైంది. దండుకి నాయకుడు కాఫీ కొట్టు ఆయనే. "ఈ ఒడ్డు మా ఇల్లే" అని దారంతో కుట్టిన టోపీలు కావాలన్నారు. నలభై టోపీలు నేనే కుట్టాను. కాబట్టి జరిగిన దాంట్లో నా చెయ్యి లేదని నేను అనలేను.

మొదటి వారం ప్లాస్టిక్ పోయింది. రెండో వారం వలలు, చెప్పులు పోయాయి. మూడో వారానికి చెత్త అయిపోయింది గానీ ఉత్సాహం అయిపోలేదు. టోపీలు కొత్తగా ఉన్నాయి, చేతుల్లో చీపుళ్లున్నాయి, ఆదివారం పొద్దున్నే లేవడం అలవాటైంది. ఇంకేం ఊడవాలా అని చూశారు. నీళ్ల అంచున గోధుమరంగులో, మోకాలెత్తున, ఎండిన గడ్డి పోగులు పోగులుగా పడి ఉంది. వాసనొస్తోంది, కాలికి మెత్తగా తగులుతోంది. ఇంట్లో ఎవరైనా ఇలాంటిది ఉంచుకుంటారా? పారలు తెచ్చారు. రెండు ఆదివారాల్లో మొత్తం ఎత్తేశారు. కొన్ని గోతాలు ఇళ్లకి, తోటల్లో మొక్కల మొదళ్లకి వెళ్లాయి. మిగతావి కాఫీ కొట్టు వెనక గోడకి ఆనించి పేర్చారు. ఒడ్డు గుండు కొట్టించుకున్న తలలా మెరిసింది. పెద్ద సారు కిటికీలోంచి చూసి మెచ్చుకున్నాడు. మా ఆవిడ బోర్డు మీద "ధన్యవాదాలు" అని రాసి పక్కన పువ్వు బొమ్మ కూడా వేసింది.

గడ్డి డాక్టరమ్మ ఊళ్లో ఉంటే అప్పుడే కేకలు పెట్టేది. ఆ అమ్మాయి నెల రోజులుగా సర్వే పడవ మీద ఉంది.

మేమిద్దరం సాయంత్రాలు బీచ్‌కి వెళ్తాం. రోడ్డు మీంచి ఇసుకలోకి రాతి మెట్లున్నాయి. ఏడు మెట్లు. మా పెళ్లయినప్పట్నుంచి ఏడే. నేను పై మెట్టు దగ్గరే చెప్పులు విడిచేసి, కిందకి చూడకుండా ఏడు దిగి, ఎనిమిదో అడుగు వెచ్చటి ఇసుకలో వేస్తాను. ఆ సాయంత్రం ఎనిమిదో అడుగు కింద రాయి తగిలింది. తొమ్మిదో అడుగు కిందా రాయే. పదోది ఇసుక.

"ఏమే, కొత్తగా మెట్లు కట్టారా?" అన్నాను.

మా ఆవిడ కిందకి వేలు చూపించింది. ఆ రెండు మెట్లూ కొత్తవి కాదు. నాచు పట్టి, పెంకులు అంటుకుని ఉన్నాయి. అవి ఎప్పట్నుంచో ఇసుక కింద ఉన్న మెట్లు. అంటే ఇసుక అంతమేర కిందకి దిగిపోయింది. మా ఆవిడ వంగి ఎనిమిదో మెట్టు మీద చెయ్యి పెట్టింది. ఒడ్డు వెంట అటూ ఇటూ చూసింది. గడ్డి పోగు ఒక్కటి కూడా లేదు.

"ఏమండీ, ఇది నేను చేసిన పనే" అంది.

"నువ్వు ప్లాస్టిక్ తీయమన్నావు. గడ్డి తీయమనలేదు కదా."

"ఇల్లు అన్నాను. ఇంట్లో గడ్డి ఎవరుంచుకుంటారు?"

ఆ వారమే పడవ తిరిగొచ్చింది. గడ్డి డాక్టరమ్మ బట్టలైనా మార్చుకోకుండా మెట్ల దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి మా కొట్టుకి వచ్చి, కుర్చీలో కూలబడింది. ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నీళ్ల అడుగున గడ్డి మైదానం ఉంది. దాని ఆకులు ఏటా రాలి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఆ దిబ్బని అల ముందుగా తాకుతుంది, తాకి నీరసిస్తుంది, అప్పుడు ఇసుక మీదకి వస్తుంది. దిబ్బ లేకపోతే దెబ్బ నేరుగా ఇసుకకే. పైగా పారతో గడ్డి ఎత్తినప్పుడల్లా దానితోపాటు ఇసుక కూడా గోతాల్లోకి పోయింది.

"ఇంకో పదిహేను రోజుల్లో గాలులు మొదలవుతాయి పిన్నీ" అంది. మా ఆవిడని పిన్ని అనే పిలుస్తుంది. "అప్పుడు ఎన్ని మెట్లు బయటపడతాయో చెప్పలేను. కాఫీ కొట్టు పునాది కూడా ఇసుక మీదే కదా."

"తీసినదాన్ని తిరిగి పెడితే?"

"కొంత ఆగొచ్చు. ఖాయంగా ఆగుతుందని మాత్రం అనలేను."

మా ఆవిడ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "ఆరేళ్లు నన్ను నమ్మారండీ" అంది. "నమ్మి, నడుం వంచి, వాళ్ల ఒడ్డు వాళ్లే పాడుచేసుకున్నారు." నేను ఓదార్చడం చేతకానివాణ్ని. కంచం ముందుకి జరిపాను.

మర్నాడు పెద్ద సారు దగ్గరికెళ్లింది. తప్పు రాశానని బోర్డు మీద రాస్తానంది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడట. "మన కేంద్రం పొరపాటు చేసిందని మన గేటు ముందు మనమే రాసుకుంటామా?" అని, తనే ఒక వాక్యం చెప్పి రాసుకోమన్నాడు. "తీరప్రాంత జీవపదార్థ అధిక సేకరణ వలన అవక్షేప సమతుల్యతకు స్వల్ప భంగం వాటిల్లినట్లు గమనించడమైనది."

"ఇది ఎవరికీ అర్థం కాదు సార్."

"మనకి కావాల్సిందీ అదే కదమ్మా."

తను తల అడ్డంగా ఊపింది. అప్పుడాయన, నీ ఇష్టం వచ్చినట్టు రాసి జనం తిరగబడితే ఆ బోర్డు మళ్లీ క్యాంటీన్‌కే పోతుంది, నువ్వు మళ్లీ టైపు మిషను ముందుకే పోతావు అని తేల్చి చెప్పాడు. ఇంటికొచ్చి మా ఆవిడ ఇదంతా అప్పజెప్పింది. నాకు భయం వేసింది. ఆ బోర్డు పోతే తను ఏమైపోతుందో నాకు తెలుసు. పంతొమ్మిదేళ్లు బీరువాకి టైపు చేసిన మనిషి మళ్లీ బీరువాకే టైపు చెయ్యాలి.

బోర్డుకన్నా ముందు ఎదురుగా చెప్పడం మర్యాద అని కాఫీ కొట్టుకి వెళ్లాం. ఆయన కప్పులు కడుగుతున్నాడు. తల మీద నేను కుట్టిన టోపీ. మా ఆవిడ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు మొత్తం చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన మెడ ఎర్రబడింది. కొలత కూడా పెరిగి ఉంటుంది.

"నిన్న ఇల్లన్నావు. ఇవాళ కాదంటున్నావు. రేపేమంటావు?" అన్నాడు. "ఆ గడ్డి ఎత్తి ఎత్తి నా నడుం పడిపోయింది. నలుగురిలో నేను ముందు నిలబడ్డాను. ఇప్పుడు మళ్లీ మోసుకెళ్లి పారబోయమని వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

గోడ మీద పెద్ద అక్షరాలతో మా ఆవిడ వాక్యం మమ్మల్నే చూస్తోంది. మేం లేచి వచ్చేశాం.

దారిలో నాకొక ఆలోచన తట్టింది. ఆరేళ్లుగా తన వాక్యాలు చెవిలో పడుతుంటే నాకూ కాస్త అంటుకోకుండా ఉంటుందా? "ఇలా రాయి" అన్నాను. "గడ్డి అంటే ఒడ్డుకి కుట్టిన అంచు. అంచు విప్పేస్తే గుడ్డ పోగులు ఊడిపోతుంది. బాగుందా?"

మా ఆవిడ ఆగి నా వైపు చూసింది. "చాలా బాగుంది. కానీ వద్దు."

"ఏం?"

"ఇల్లు అన్నందుకు ఊడ్చారు. గుడ్డ అంటే ఇస్త్రీ చేస్తారు."

నా గాలి తీసేసింది గానీ, మూడు రోజుల తర్వాత మొదటిసారి తన మొహంలో నవ్వు చూశాను. ఈసారి పోలికలు పెట్టనంది. ఉన్నది ఉన్నట్టు రాస్తానంది. రాసింది చొక్కా కొలతలకొచ్చిన ఒకాయన మీద ప్రయోగించింది. నేను నడుం దాకా వచ్చేశాను, తనింకా సగంలోనే ఉంది. మళ్లీ మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టాను, అవ్వలేదు. "ఇదేంటే, ప్యాంటు కొలతలు కూడా తీసుకోమంటావా?" అన్నాను. తన నియమం ప్రకారం అది పీలికల బుట్టలోకి వెళ్లాలి. తను మాత్రం కాగితం మడిచి దాచుకుంది.

శుక్రవారం పొద్దున బోర్డు పై నుంచి కింద దాకా చిన్న అక్షరాలతో నిండిపోయింది.

"నేను తప్పు రాశాను. ఒడ్డు ఇల్లు కాదు. ఒడ్డు ఒడ్డే. ప్లాస్టిక్ చెత్త, దాన్ని తీయాల్సిందే. ఎండు గడ్డి చెత్త కాదు. నీళ్ల అడుగున పెరిగే గడ్డి ఆకులవి. ఏటా రాలతాయి, ఏటా వస్తాయి. అల ముందు వాటిని తాకి, తర్వాత ఇసుకని తాకుతుంది. ఆ తేడా నాకు తెలిసి ఉండాల్సింది. చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మీరు గడ్డి తీశారు, రెండు మెట్ల మేర ఇసుక పోయింది. వెళ్లి లెక్కపెట్టుకోండి, ఏడు ఉండాలి. త్వరలో గాలులొస్తాయి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, మీ దగ్గరున్న గడ్డి తీసుకుని మెట్ల దగ్గరికి రండి. తిరిగి వేద్దాం. వేస్తే ఇసుక ఆగుతుందని మాట ఇవ్వలేను. వెయ్యకపోతే ఇంకా పోతుందని మాత్రం చెప్పగలను. ఇక్కడిదాకా చదివినవాళ్లకి ఒక బిస్కెట్."

బస్సులు వచ్చాయి, ఆగాయి, వెళ్లాయి. ఇంత పొడుగు రాతకి ఏ డ్రైవరు ఆపుతాడు? పెద్ద సారు కారు గేటు దగ్గర నెమ్మదించింది. అద్దం దించాడు, చదివాడు, అద్దం ఎత్తేశాడు. ఒక్క మాట అనలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

ఆదివారం ఎనిమిదింటికి మెట్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. మా ఆవిడ, గడ్డి డాక్టరమ్మ, నేను. బిస్కెట్ డబ్బాలు నాలుగు. ఎనిమిదింపావు అయింది. ఎనిమిదిన్నర అయింది. గడ్డి డాక్టరమ్మ ఒక బిస్కెట్ తీసుకుని, "నేను చదివాను కదా" అంది. మా ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. చేతిలో డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. ఆ చప్పుడు నేను వినలేకపోయాను. లేచి వెళ్లి దారిన పోయేవాళ్లని మెడకి టేపు వేసైనా లాక్కొద్దామనుకున్నాను.

అప్పుడు రోడ్డు మీద ఒక తోపుడు బండి కీచుమంటూ వినిపించింది. బండి మీద గోతాలు, బండి వెనక నలభై ఆరు అంగుళాల ఛాతీ. టోపీ లేదు. కాఫీ కొట్టు ఆయన మెట్ల పైన బండి ఆపి, ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతూ తొమ్మిది మెట్లూ దిగాడు.

"పాతికేళ్లుగా మీ ఆఫీసు ఎదురుగా కాఫీ కాస్తున్నాను" అన్నాడు. "ఆ గేటు మీద 'తప్పయింది' అనే మాట మొదటిసారి చదివాను. నువ్వు కరెక్టే, మేమే తప్పని రాసుంటే, చెల్లెమ్మా, ఈ గోతాలు పొయ్యిలో పెట్టుండేవాణ్ని."

తర్వాత చెయ్యి చాపాడు. "చివరిదాకా చదివాను. ఏదీ?"

మా ఆవిడ మూత తీసి, డబ్బా మొత్తం ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన ఒకటి తీసుకుని మిగతావి తిరిగిచ్చాడు.

ఆయన వెనకే దండు వచ్చింది, ఒకేసారి కాదు, ఇద్దరూ ముగ్గురుగా. కొందరు సిగ్గుపడుతూ, కొందరు గొణుగుతూ. ఒకావిడ తన తోటలోంచి గడ్డితోపాటు వానపామును కూడా తెచ్చేసింది. దాన్ని తిరిగి ఇంటికి తీసుకెళ్లాలని అందరూ తీర్మానించారు. గడ్డి డాక్టరమ్మ తాడు పట్టి ఎక్కడ ఎంత వెయ్యాలో చూపించింది. నేను టేపుతో దిబ్బ ఎత్తు కొలిచాను. మధ్యాహ్నానికి పోయినదాంట్లో సగం దాకా వెనక్కి వచ్చింది, బిస్కెట్లు అయిపోయాయి. రాని గడ్డి రాలేదు. కొందరు మొక్కలకి వేసింది మేం తవ్వివ్వమని మొహం మీదే చెప్పారు. వాళ్లతో దెబ్బలాడబోతే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

గాలులు చెప్పిన రోజుకన్నా ముందే వచ్చాయి. ఐదు రోజులు కొట్టు తలుపు తియ్యలేదు. వెనక గదిలో మా ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది. ఆరో రోజు పొద్దున గాలి ఆగగానే, కాఫీ కూడా తాగకుండా మెట్ల దగ్గరికి వెళ్లాం. దిబ్బ చెదిరి అక్కడక్కడా మిగిలింది. మా ఆవిడ పైనే నిలబడిపోయింది.

"మీరు దిగి లెక్కపెట్టండి. నా వల్ల కాదు."

చెప్పులు విడిచి దిగాను. పదో అడుగు ఇసుకలో పడింది.

"తొమ్మిదే" అని అరిచాను.

"మళ్లీ లెక్కపెట్టండి."

మళ్లీ ఎక్కి మళ్లీ దిగాను. తొమ్మిదే. నా వృత్తిలో కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది, కాబట్టి మూడోసారి తను అడక్కుండానే లెక్కపెట్టాను. తిరిగి చూస్తే తను పై మెట్టు మీద కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

ఇంటికొచ్చాక కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. గడ్డి డాక్టరమ్మని ఫోన్లో అడిగింది. ఆ అమ్మాయి, గడ్డి ఆపిందో గాలి దయ తలిచిందో ఒక్క ఏడాదితో చెప్పలేం పిన్నీ అంది. మా ఆవిడ అదే రాసుకుంది. జనం తిరగబడలేదు కాబట్టి పెద్ద సారు బోర్డు జోలికి రాలేదు. రాసింది ఎవరి మీదైనా ప్రయోగించాలి కదా. గాలుల తర్వాత మొదటి రోజు, కొట్టుకి ఎవరూ రాలేదు. పరదా జరిగింది.

"లేవండి" అంది. నా మెడలోంచి టేపు తీసుకుంది. "చేతులెత్తండి."

ముప్పై ఏళ్లుగా ఆ టేపు ఇంకొకరి మీద వేస్తున్నాను. నా మీద ఎవరూ వెయ్యలేదు. తను చదువుతుంటే ఇన్నాళ్లూ భుజం పదహారు, చెయ్యి ఇరవై నాలుగు అంటూ సగం సగం విన్నాను. ఆ రోజు చేతులెత్తి నిలబడి మొదటిసారి పూర్తిగా విన్నాను.

"మెట్లు తొమ్మిది. తొమ్మిది దగ్గర ఆగింది" అంటూ మెడ కొలిచింది. "గడ్డి ఆపిందో, అదృష్టమో, ఒక్క ఏడాదితో చెప్పలేం" అంటూ భుజం కొలిచింది. "రేపు కొట్టుకొచ్చే గడ్డి మాత్రం తీయకండి" అంటూ చెయ్యి కొలిచి ఛాతీ దగ్గరికి వచ్చింది. "అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాను. "కానీ ఏడు ఉండేవి కదా. పోయిన ఆ రెండు మెట్ల ఇసుక మళ్లీ వస్తుందా?"

టేపు నా ఛాతీ మీదే ఆగిపోయింది. తర్వాత బల్ల మీద కాగితం దగ్గరికి వెళ్లి, వంగి, చివర ఒక వాక్యం చేర్చి, పైకి చదివింది.

"పోయిన రెండు మెట్ల ఇసుక వస్తుందో రాదో తెలీదు. అది నా మాట వల్ల పోయింది."

నేను చేతులు దించి దగ్గరికి వెళ్లబోయాను.

"కదలకండి" అంది, కళ్లు తుడుచుకుంటూ. "నడుం ఇంకా ఉంది."